భూకంప ఆల్బములను ముక్కలు చేయొద్దు

1934 జనవరి 15 నాటి బిహార్ భూకంపం ఫొటోలున్న పాత ఆల్బములను విప్పేసి విడి ఫొటోలుగా అమ్మడం ఆగాలి. కూలిన ముంగేర్ పట్టణ వీధి ఫొటోకి గిరాకీ ఉంటుంది కాబట్టి దాన్ని ఊడబెరికి, పక్కనున్న గంగ ఒడ్డునూ పొలాలనూ పనికిరానివని పక్కన పడేస్తున్నారు. అసలు విలువ ఆ మామూలు దృశ్యాలదే: పక్క ఫొటో ఏ చోటిదో తేల్చేవి అవే. ముంగేర్‌లో గోడలు కుప్పకూలాయి. గంగకు ఉత్తరాన సీతామఢీ వైపు ఇసుకా నీరూ పైకి చిమ్మి ఇళ్లు ఒరిగి నేలలోకి కుంగాయి. ఏ ఊరో తెలియని ఫొటో చూసి ఈ తేడా ఎవరు చెప్పగలరు? ఊరి పేరు చాలాసార్లు ఫొటో వెనుక ఉండదు, ఫొటో అంటించిన ఆల్బమ్ పేజీ నల్ల అట్ట మీద తెల్ల సిరాతో ఉంటుంది. ఊడదీస్తే అది అట్టతోనే పోతుంది. ఆవిరి పట్టి ఊడదీయడం మరీ ఘోరం: బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొర ఉబ్బి, వేలిముద్రలు పడి, అంటుకుపోతుంది. వేలం సంస్థలు అమ్మకానికి ముందు ప్రతి పేజీనీ రాతతో సహా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి, వరుస సంఖ్యతో ఒక ప్రతిని పాత పత్రాలు భద్రపరిచే రాష్ట్ర పురాభిలేఖాగారానికి ఇవ్వాలనే నిబంధన పెట్టాలి. ఇంట్లో ఆల్బమ్ ఉన్నవారు సెల్లోటేపు, బాల్‌పెన్ను దగ్గరికి రానీయకండి. పేజీల మధ్య ఆమ్లరహిత పలుచని కాగితం చాలు, అదీ ఆల్బమ్ వీపు, అంటే పేజీలు కుట్టిన అంచు, ఉబ్బనంత వరకే. గ్రంథాలయాలు కూడా ఆల్బమ్‌ను ఒకే వస్తువుగా నమోదు చేయాలి.