ఎండలు తగ్గేదాకా మా దుకాణంలో రొయ్య పిల్లలను అమ్మను

మా అక్వేరియం దుకాణానికి వచ్చే అనంతపురం వారందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో ఎర్ర చెర్రీ రొయ్య పిల్లలను తీసుకెళ్లినవారిలో పలువురు, వారం తిరగకముందే అవి చనిపోయాయని బాధపడుతూ వచ్చి చెప్పారు. నీరు 30 డిగ్రీలకు చేరినా భయం లేదని మీకు చెప్పినవాణ్ణి నేనే. పెద్ద రొయ్యలు ఆ వేడిని కొన్నాళ్లు ఓర్చుకోవడం చూసి, పిల్లలూ ఓర్చుకుంటాయని అనుకోవడం నా తప్పు.

తైవాన్, చైనా ప్రాంతాల మంచినీటి వాగులకు చెందిన ఈ జాతిలో, తల్లి మూడు నాలుగు వారాలు పొట్ట కింద మోసిన గుడ్ల నుంచి రెండు మిల్లీమీటర్ల పిల్లలు పెద్ద రొయ్య రూపంతోనే బయటికి వస్తాయి. అవి త్వరత్వరగా పెరుగుతూ మాటిమాటికీ పెంకు విడుస్తాయి, కొత్త పెంకు గట్టిపడేదాకా చాలా బలహీనంగా ఉంటాయి. నీరు వేడెక్కితే వాటికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది, నీటిలో కరిగి ఉండగలిగేది మాత్రం తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే కరుగుతుంది. పైగా రొయ్యల వ్యర్థాల నుంచి నీటిలో చేరే అమ్మోనియా వేడినీటిలో మరింత విషపూరితమవుతుంది. అందుకే పిల్లలకు 22 నుంచి 26 డిగ్రీలు మేలు.

అంతకంటే ముఖ్యం, ఆ వేడి నిలకడగా ఉండటం. మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నుంచి పట్టిన నీటిని నేరుగా తొట్టిలో పోయడం ఎంత ప్రమాదమో నా దుకాణంలోనే, ఒక తొట్టి పిల్లలను పోగొట్టుకున్నాక తెలుసుకున్నాను. నీటిని ముందురోజు రాత్రే బకెట్లలో పట్టి ఇంట్లో నీడన ఉంచి, తెల్లవారాక తొట్టి నీటిలో పదో వంతు మాత్రమే, సన్నని గొట్టంతో మెల్లగా మార్చండి. తొట్టి మూత తీసి, జాలీ కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాను పెట్టండి. మన ఊరి పొడి గాలికి నీరు త్వరగా ఆవిరై రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. తగ్గిన నీటిని రోజూ నింపాలి. ఐసు ముక్కలు మాత్రం వేయకండి, ఒక్కసారిగా చల్లబడినా పిల్లలకు ముప్పే.

మా తొట్టెలలో మధ్యాహ్నం మూడు గంటల వేళ నీరు వరుసగా వారం రోజులు 27 డిగ్రీలు దాటకుండా ఉన్నాకే అమ్మకం మళ్లీ మొదలుపెడతాను. ఏప్రిల్‌లో నష్టపోయినవారు డబ్బు ఇప్పుడే తీసుకోవచ్చు, లేదా అప్పుడు అన్నే పిల్లలను ఉచితంగా తీసుకెళ్లవచ్చు.