గడ్డ పేరొక్కటే కాదు, తవ్వే తీరూ రాయండి

సంపాదకులకు,

2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక కమిటీలు తయారుచేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో (ఊరి మొక్కలు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు నమోదుచేసే పుస్తకం) మొక్క పేరు, వాడే భాగం రాస్తే సరిపోదు. దాన్ని ఎలా తీస్తారో కూడా రాయాలి. నల్లమల చెంచులు తవ్వుకునే తీగగడ్డలనే తీసుకోండి. వానాకాలంలో గడ్డలోని పిండిపదార్థం తీగ పెరగడానికి పోతుంది. అప్పుడు తవ్వితే దక్కేది నీళ్లగడ్డే, పైగా తీగ చస్తుంది. ఆకు పసుపెక్కి రాలాకే గునపం దించాలి. గడ్డంతా పెకలించకుండా, తీగ మొదలున్న తలభాగాన్ని బెత్తెడు మేరైనా మట్టిలో ఉంచి కింది ముక్కే తీసుకోవాలి. గుంట పూడ్చడం మరీ ముఖ్యం. తెరిచి వదిలేస్తే మిగిల్చిన ముక్క ఎండకు వడలిపోతుంది, లేదా ఏ ముళ్లపందో తినేస్తుంది. పూడిస్తే తొలకరికి మళ్లీ మొలకెత్తుతుంది.

కొండతేనె సంగతీ ఇంతే. తేనెపట్టులో పైన తేనె నిండిన మందపాటి భాగం కోసి, పిల్లపురుగులున్న కిందిభాగం వదలాలి. పట్టు మొత్తం కోసేసేవాళ్లూ లేకపోలేదు, ముఖ్యంగా దళారీ తొందరపెట్టినప్పుడు.

రిజిస్టర్ నింపేవాళ్లు ఆఫీసులో కూర్చోకుండా, కార్తీకం దాటాక గడ్డలు తవ్వే ఆడవాళ్ల వెంట అడవికి వెళ్లాలి. ఏ గడ్డ ఏ చోట దొరుకుతుందన్నది మాత్రం చెంచుల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు.

– ఒక పాఠకుడు, ఆత్మకూరు, నంద్యాల జిల్లా