కైయా సారియాహోతో మొదలుపెట్టండి
ఈ కాలం ఒపెరాల్లో ముందు ఎవరివి వినాలని అడిగారు కదా, నన్నడిగితే స్వరకర్త కైయా సారియాహోవి. హెల్సింకీలో పుట్టి 1982లో పారిస్ వెళ్లి, అక్కడి సంగీత పరిశోధన సంస్థ ఇర్కామ్‌లో కంప్యూటర్ మీద పనిచేశారు, అందుకే ఆవిడ సంగీతంలో ఏది వాయిద్యమో ఏది ఎలక్ట్రానిక్సో ఒక్కోసారి తెలీదు. మొదటి ఒపెరా 'లామూర్ ద ల్వాన్' 2000లో సాల్జ్‌బర్గ్‌లో వేశారు, అప్పటికి ఆవిడకి 47 ఏళ్లు. అదే 2016లో న్యూయార్క్ ఒపెరా హౌస్ మెట్‌కి వచ్చింది. 1903 తర్వాత అక్కడ ఒక మహిళ రాసిన ఒపెరా మళ్లీ అదేనట, సిగ్గుచేటు కాదూ! అందులో కథ పెద్దగా కదలదు, ఓపిక కావాలి. టెన్షన్ కావాలంటే 2021లో వచ్చిన 'ఇన్నొసెన్స్' వినండి, పెళ్లి విందు మధ్యలో పదేళ్ల కిందటి స్కూలు కాల్పుల సంగతి బయటికొస్తుంది. రెండేళ్లకే, 2023లో, ఆవిడ పోయారు.