వైన్‌ను తిట్టే ముందు

సంపాదకులకు,

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిశాక పాత కంప్యూటర్లలో ఉబుంటు (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుని, విండోస్ ప్రోగ్రాములను అందులో నడిపించే ‘వైన్’ సాఫ్ట్‌వేర్‌తో తంటాలు పడుతున్న డీటీపీ సెంటర్లవారికి ఒక మాట. పాత ప్రోగ్రాములు చాలావరకు 32 బిట్‌వి. కాబట్టి ముందు ఉబుంటులో 32 బిట్ ప్యాకేజీలకు వీలిచ్చే ‘ఐ386’ ఆర్కిటెక్చర్ చేర్చి, ‘వైన్32’ ప్యాకేజీ వేయాలి. అప్పటికీ తెరుచుకోకపోతే ఐకాన్ నొక్కకుండా టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే విండో) నుంచి నడపండి. ఏ డీఎల్ఎల్ (ప్రోగ్రాముకు కావాల్సిన సహాయక ఫైలు) దొరకలేదో పేరుతో సహా చూపిస్తుంది. అది ఎంఎఫ్‌సీ42 అయితే వైన్‌ట్రిక్స్ అనే సహాయక ప్రోగ్రాముతో వేసుకోవచ్చు. అక్షరాలు గజిబిజిగా వస్తున్నాయా? ఆ ఫాంట్ల టీటీఎఫ్ ఫైళ్లను వైన్ సి డ్రైవ్‌లోని విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో వేయండి. యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సు తాళంచెవిలా గుచ్చే పరికరం) అడిగే సాఫ్ట్‌వేర్‌తో మాత్రం కుస్తీ పట్టొద్దు. దాని డ్రైవర్‌కు విండోస్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) కావాలి, వైన్‌లో అది లేదు. కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ పెట్టి, డాంగిల్‌ను దానికి అప్పగించడమే మేలు.

– ఒక పాఠకుడు, విజయవాడ