కీమో తర్వాత పొడిదగ్గు వస్తే మిర్చి ఘాటు అని సరిపెట్టుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో కీమో మీద వచ్చిన వ్యాసం చదివాను. జుట్టు ఊడటం, వాంతులు, నోటిపూత, తెల్లకణాలు తగ్గడం అన్నీ రాశారు, బాగుంది, కానీ ఊపిరితిత్తుల ఊసే లేదు. కొన్ని క్యాన్సర్ మందులు ఊపిరితిత్తుల్ని గట్టిపడేలా చేస్తాయని, ఒకసారి మచ్చ కట్టిన చోటు మళ్లీ మామూలు కావడం చాలా కష్టమని జనానికి ఎవరు చెప్పాలి? గుంటూరులో ఎండాకాలం దగ్గొస్తే మిర్చి యార్డు ఘాటు అంటాం, విజయవాడలో అయితే దుమ్ము అంటాం, ఆర్‌ఎంపీ ఒక సిరప్ రాస్తాడు, తగ్గకపోతే టీబీ పరీక్ష, ఈలోగా వారాలు గడిచిపోతాయి. కీమో చేయించుకున్న మనిషికి ఆ వారాలే ముఖ్యం.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా బాబాయి కొడుక్కి హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) వస్తే బ్లియోమైసిన్ అనే మందు కలిసిన కీమో ఇచ్చారు. క్యాన్సర్ పోయింది, ఆ డాక్టర్లకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. కానీ తర్వాత పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం మొదలైనప్పుడు వాడి డిశ్చార్జి కాగితం తీసి చూస్తే మందు పేరు, డోసు తప్ప ఊపిరితిత్తుల జాగ్రత్త ఒక్క లైను కూడా లేదు. ఇప్పుడు తిరుగుతున్నాడు, పనికి వెళ్తున్నాడు, స్కానింగ్‌లో మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఈ మందు ఊపిరితిత్తుల్నే ఎందుకు పట్టుకుంటుందో పాఠకులకు అర్థం కావాలి. బ్లియోమైసిన్‌ని 1960ల్లో జపాన్‌లో హమావో ఉమెజావా బృందం స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా నుంచి తీసింది. అది కణంలో ఇనుముతో జతకట్టి, ఆక్సిజన్ సాయంతో డీఎన్‌ఏని తెంపేస్తుంది, క్యాన్సర్ కణం చచ్చేది అందుకే. మన ఒంట్లో చాలా అవయవాల్లో ఈ మందుని విరిచేసే ఎంజైమ్ ఉంటుంది, బ్లియోమైసిన్ హైడ్రోలేజ్ అంటారు, ఊపిరితిత్తుల్లో, చర్మంలో అది తక్కువ. అందుకే దెబ్బ ఎక్కువగా ఈ రెండు చోట్లే. వాయుగోణుల (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచుల) గోడల్లో పల్చటి కణాలు చచ్చిపోతాయి, వాటి చోట కొత్తవి పుట్టించాల్సిన రెండో రకం కణాలూ దెబ్బతింటాయి, వాపు కణాలు చేరి టీజీఎఫ్ బీటా అనే ప్రోటీన్ లాంటి సంకేతాలు వదులుతాయి. ఆ సంకేతం అందుకున్న ఫైబ్రోబ్లాస్ట్‌లు, అంటే గాయం పూడ్చే కణాలు, మయోఫైబ్రోబ్లాస్ట్‌లనే ఇంకా చురుకైన రకంగా మారి కొల్లాజెన్ అనే నారలాంటి ప్రోటీన్ పోస్తూనే ఉంటాయి. పగులు పూడ్చమని పిలిచిన మేస్త్రి కిటికీలు కూడా సిమెంటుతో మూసేసినట్టు. గోడ మందమయ్యాక ఆక్సిజన్ రక్తంలోకి దాటలేదు. ప్రపంచమంతటా ల్యాబుల్లో ఎలుకలకి ఫైబ్రోసిస్ (ఇలా మచ్చ కట్టి గట్టిపడటం) తెప్పించి పరిశోధన చేయాలంటే ఎక్కువగా ఇచ్చేది ఈ మందే, అంత తెలిసిన విషయం రోగి చేతిలో పెట్టే కాగితానికి ఎందుకు ఎక్కదు?

ఇదొక్కటే కాదు. బుసల్ఫాన్ అనే క్యాన్సర్ మందుతో ఇలా జరుగుతుందని 1961లోనే రాశారు, కార్ముస్టిన్ అనే ఇంకో మందు అయితే ఏళ్ల తర్వాత కూడా మచ్చ కట్టిస్తుంది, జెఫిటినిబ్ అనే క్యాన్సర్ మాత్రలు, ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు వేరే దారుల్లో ఊపిరితిత్తుల వాపు తెస్తాయి.

బ్లియోమైసిన్ మొత్తం డోసు 400 యూనిట్లు దాటితే ప్రమాదం బాగా పెరుగుతుంది, అంతకంటే తక్కువలోనూ రావచ్చు. వయసు పైబడినవాళ్లు, పొగతాగేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మందు బయటికి పోయేది కిడ్నీల ద్వారా కాబట్టి కిడ్నీలు నెమ్మదిస్తే ఒంట్లోనే ఎక్కువసేపు ఉంటుంది, వృషణాల క్యాన్సర్‌లో దీంతోపాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ కిడ్నీలనే ఇబ్బంది పెట్టే మందు. ఇంకో ముఖ్య విషయం, ఈ మందు వాడినవాళ్లు తర్వాత ఎప్పుడు ఏ ఆపరేషన్‌కి వెళ్లినా మత్తు డాక్టర్‌కి ముందే చెప్పాలి, అవసరానికి మించిన ఆక్సిజన్ ఆ ఊపిరితిత్తుల్ని మళ్లీ దెబ్బతీయొచ్చు. అలాగని ప్రాణం మీదికొస్తే ఆక్సిజన్ వద్దనకూడదు, ఎంత ఇవ్వాలో డాక్టర్లు చూసుకుంటారు.

ఇది చదివి భయపడి ఎవరూ కీమో మానేయొద్దు, దండం పెట్టి చెబుతున్నాను. అడగండి, అంతే. ముదిరిన హాడ్జ్‌కిన్‌లో రెండు సైకిళ్ల తర్వాత పెట్ స్కాన్ (క్యాన్సర్ ఇంకా చురుగ్గా ఉందో లేదో చూపే స్కాన్) క్లియర్‌గా ఉంటే మిగతా సైకిళ్లలో బ్లియోమైసిన్ తీసేసినా ఫలితం దాదాపు అలాగే ఉందని 2016లో పెద్ద అధ్యయనం వచ్చింది, మీ డాక్టర్‌తో ఆ మాట మాట్లాడండి. దగ్గు, ఆయాసం మొదలైతే క్యాన్సర్ డాక్టర్ దగ్గరికే వెళ్లండి, తొలిదశలో మందు ఆపి స్టెరాయిడ్లు ఇస్తే చాలామందికి వాపు తగ్గుతుంది.

ఎన్టీఆర్ వైద్య సేవలో కీమో ఇచ్చే ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఈ జాగ్రత్తలు రాయాలని ప్రభుత్వం ఆదేశించాలి. మీరు కూడా ఆరోగ్యం పేజీలో దీనిమీద పూర్తి వ్యాసం వేయండి.

ఒక జువాలజీ లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు