మంచం ఎత్తు ఎనభై సెంటీమీటర్లు

ఐండ్‌హోవెన్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "కాన్పు ఇంట్లోనా? నీకేమైనా పిచ్చా?" అని కసిరి పెట్టేశావు. నీకు కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మీ పెద్దమ్మ కాన్పు సంగతి నేనూ మర్చిపోలేదు. ఫోన్‌లో అయితే నన్ను మాట పూర్తి చేయనివ్వవు, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నెదర్లాండ్స్‌లో ఇది వింత కాదురా. ఏ ఇబ్బందీ లేకపోతే గర్భిణిని మొదటి నెలల నుంచీ చూసేది మిడ్‌వైఫే, అంటే కాన్పులు చేయడానికి శిక్షణ పొందిన మనిషి. ఇంట్లో కాన్పుకు ఒప్పుకునేది కూడా అలాంటివాళ్లకే, అదీ 37 వారాలు నిండాక, 42 దాటకుండా. బీపీ పెరిగినా, బిడ్డ అడ్డం తిరిగినా నేరుగా ఆసుపత్రికే. మీ చెల్లెలికిది రెండో కాన్పు, మొదటిది ఏ గొడవా లేకుండా అయింది. ఇంగ్లండ్‌లో 2011లో వచ్చిన పెద్ద అధ్యయనం చదివాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రెండో కాన్పు ఇంట్లో జరిగినా ఆసుపత్రిలో జరిగినా బిడ్డకు ప్రమాదంలో తేడా కనిపించలేదు. తొలి కాన్పుకు మాత్రం ఇంట్లో కొంచెం ఎక్కువే. అందుకే పెద్దదాని అప్పుడు ఆసుపత్రికే వెళ్లాం. మన ఊళ్లో ఉండి ఉంటే ఇప్పుడూ అక్కడికే వెళ్లేవాళ్లం, ఎందుకంటే ఇలా ఇంటికొచ్చి చూసే ఏర్పాటు మనకక్కడ లేదు.

ఇప్పుడు 36వ వారం. వచ్చే వారానికల్లా గది సిద్ధంగా ఉండాలన్నారు.

ముందు మంచం సంగతి. నేల నుంచి పరుపు పైదాకా దాదాపు 80 సెంటీమీటర్లు ఉండాలట. మాది టేపు పెట్టి కొలిస్తే 52. మిడ్‌వైఫ్, కాన్పయ్యాక వారం రోజులు ఇంటికొచ్చి తల్లీబిడ్డల్ని చూసే నర్సు, ఇద్దరూ నడుం వంచకుండా పని చేయాలి కదా. మంచం కోళ్ల కింద పెట్టే దిమ్మలు ఇక్కడ అద్దెకిస్తారు. తెచ్చి పెట్టి, ఎక్కడానికి పక్కన ఒక పీట వేశాను. నాలుగు కోళ్లూ గట్టిగా కూర్చున్నాయో లేదో నేనే పైకెక్కి అటూ ఇటూ పొర్లి చూశాను.

తర్వాత పక్క. పరుపు మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద ఉతికిన మంచి దుప్పటి, ఆ పైన మళ్లీ ప్లాస్టిక్, అన్నిటికన్నా పైన పాత దుప్పటి. కాన్పయ్యాక పై రెండూ కలిపి చుట్టి తీసేస్తే చాలు, కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది. తనను లేపి కూర్చోబెట్టి దుప్పట్లు మార్చే పని ఉండదు. మొదట పల్చటి షీటు వేస్తే పక్కకు తిరిగినప్పుడల్లా గరగరమని చప్పుడు, తనకు రాత్రంతా నిద్ర లేదు. మర్నాడే మందంగా, మెత్తగా ఉండేది తెచ్చి మార్చాను.

మంచం నుంచి బాత్రూం దాకా చెక్క నేల. తడి దిగితే ఉబ్బిపోతుంది. రంగులు వేసేవాళ్లు పరిచే ప్లాస్టిక్ కొని పరిచి, అంచులకు టేపు వేశాను. తడి కాళ్లతో నడిచి చూస్తే జర్రున జారింది! గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు దాని మీద పాత తువ్వాళ్లు పరిచి ఉంచాను. నెత్తురు మరకలు పడితే చన్నీళ్లలోనే నానబెట్టాలిరా, వేన్నీళ్లు పోస్తే మరక గట్టిపడిపోతుంది.

మిగతా సామాను చాలావరకు ఇన్సూరెన్స్ వాళ్లే ఒక పెట్టెలో పంపారు. ఇక్కడివాళ్లు దాన్ని క్రామ్‌పకెట్ అంటారు. బొడ్డుకు వేసే క్లిప్పు, గాయాలకు వాడే పల్చటి గాజ్ గుడ్డ, పెద్ద ప్యాడ్లు, తడి పీల్చే షీట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. బకెట్లు రెండు, చెత్త సంచులు, మాయ పట్టుకోవడానికి గిన్నె, మంచి టార్చి నేను కొన్నాను. ఉయ్యాల వెచ్చబెట్టడానికి వేడినీళ్ల సీసాలు రెండు ఉండాలట. నీళ్లు పోసి, మూత బిగించి, తలకిందులుగా పట్టుకుని చూడాలి. ఒక్క చుక్క కారినా ఆ సీసా పనికిరాదు. రెండిట్లో ఒకటి కారింది. వెనక్కిచ్చి వేరేది తెచ్చాను.

శీనూ, నువ్వు భయపడేది ఒకవేళ ఏదైనా తేడా వస్తే ఏంటి గతి అనే కదా? ఆసుపత్రి బ్యాగు వీధి తలుపు పక్కనే ఉంది. ఇందాక చెప్పిన అధ్యయనంలోనే, రెండో కాన్పు వాళ్లలో కూడా 100కి 12 మందిని మధ్యలో ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. అలా వెళ్లడం ఓడిపోవడమని మేమిద్దరం అనుకోం. ఇక్కడి ఇళ్లలో మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. అంబులెన్స్ వాళ్లు తనను మోసుకుని దిగాల్సి వస్తే అడ్డం లేకుండా, మెట్ల దగ్గరున్న చెప్పుల స్టాండు, పెద్దదాని సైకిలు తీసేశాను. మిడ్‌వైఫ్ "పద" అంటే క్షణం కూడా ఆలోచించం. ఇది నీకు మాటిచ్చి చెప్తున్నాను.

అత్తయ్య పదిహేనో తారీకున బయల్దేరుతోంది, బాలింతకు పెట్టే కాయం కూడా చేసి తెస్తోంది. నీతో ఒక పనుందిరా. అత్తయ్య దగ్గర బాగా ఉతికి మెత్తబడ్డ పాత నేత చీరలు ఉంటాయి కదా, ఒక నాలుగు తన పెట్టెలో పెట్టించు. ఇక్కడ ఎన్ని కొట్లు తిరిగినా అంత మెత్తటి గుడ్డ దొరకలేదు. బిడ్డను మొదట చుట్టేది అమ్మ చీరలోనే కావాలని మీ చెల్లెలు పట్టుబట్టింది. ఉతికి ఇస్త్రీ చేసే పని నేను చూసుకుంటాను.

నీ
రాజు