మన గాలిమరల కార్మికుల సంఘం: 2025-26 వార్షిక నివేదిక

సభ్యులకు, ఇంత ఎండలోనూ వచ్చి కూర్చున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు చెప్పనక్కర్లేదు. 2018లో తిత్లీ తుఫాను మన ఉద్దానం కొబ్బరిని, జీడితోటల్ని పడగొట్టాక ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి అనంతపురం దారి పట్టిన కుర్రాళ్లు ఇంటికొకరున్నారు. తాడిపత్రి, ఉరవకొండ కొండల మీద తిరిగే ఫ్యాన్లకు బోల్టు బిగించేదీ, గ్రీజు పెట్టేదీ వాళ్లే.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోదగ్గ పని, ముక్కనుమ నాడు పలాసలో పెట్టిన పీఎఫ్ శిబిరం. మే నుంచి సెప్టెంబరు దాకా గాలి సీజన్, సెలవు దొరకదు. సంక్రాంతికైతే అందరూ ఇంటి దగ్గరుంటారు. వాలంటీర్లుగా పేర్లిచ్చిన వాళ్లలో వచ్చింది నలుగురే. ‘ముక్కనుమ నాడు ముక్క వదులుకుని ఎవరొస్తారు బావూ’ అన్నారొకరు. ఆ నలుగురి ఇళ్లలోనూ ఆ రోజు ముక్కే ఉడికిందని ఇక్కడ రాయాల్సి వస్తోంది.

పీఎఫ్ డబ్బు ఆగిపోయింది ఎక్కువగా పేర్ల దగ్గరే. ఆధార్‌లో అప్పలరాజు ఒకే మాట, పీఎఫ్‌లో రెండు ముక్కలు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. ఇక కాంట్రాక్టరు మారినప్పుడు పాతాయన పని మానిన తేదీ ఎక్కించడు. చివరి పీఎఫ్ చందా పడిన రెండు నెలల తర్వాత ఆ తేదీని కార్మికుడే పోర్టల్‌లో వేసుకోవచ్చు. ఈ సంగతి నాకూ తెలీదు, మా మేనల్లుడు చూపించాడు. చీకటి పడినా లైను తరగలేదు.

పక్క బల్ల మీద కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్షకు రక్తం తీశారు. ఉద్దానం వాళ్లకు కిడ్నీ మాట వింటేనే టెన్షన్. గాలిమర పైన యంత్రాలుండే గదిలో, అంటే నసెల్‌లో, బాత్‌రూమ్ ఉండదు. అంత ఎత్తు నుంచి దిగి మళ్లీ ఎక్కడం ఎందుకని మనవాళ్లు పొద్దున్నుంచి నీళ్లే మానేస్తున్నారు. హార్నెస్, హుక్కు, హెల్మెట్ అన్నీ చూసే సూపర్‌వైజరు నీళ్ల బాటిల్ ఉందా అని అడగడు. దీని మీద కాంట్రాక్టర్లకు ఉత్తరాలు రాశాం. జవాబు లేదు.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. మనవాళ్ల జేబులో ఇప్పటికీ గేట్‌పాసే. ఇది వివరించమని ఒక అధికారిని రెండుసార్లు పిలిచాం, రెండుసార్లూ తప్పకుండా వస్తామన్నారు. ఆయన కుర్చీ మీద వేసిన కొత్త తువ్వాలు మడత చెదరకుండా సంఘం బీరువాలో ఉంది.

ఎత్తులో పనికి అడిగే జీడబ్ల్యూఓ (గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్) భద్రతా శిక్షణ సర్టిఫికెట్ గడువు రెండేళ్లే. మళ్లీ చేయించే ఖర్చు కార్మికుడిదా, కాంట్రాక్టరుదా అన్న గొడవ ఈ ఏడూ తేలలేదు.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి, ఆడిటరు గారు చూశారు. చందా బాకీలు ఎక్కువ, అంతే.

మండపం ఉచితంగా ఇచ్చినవారికి, ల్యాబ్ అమ్మాయిలకు, పండగపూట కంప్యూటర్లతో సహా వచ్చేసిన నెట్ సెంటర్ తమ్ముడికి, జీడిపప్పు ఉప్మా వండి పెట్టిన డ్వాక్రా అక్కలకు, షామియానా అద్దె ఇంకా అడగని పెద్దాయనకు సంఘం రుణపడి ఉంది.

నియామక పత్రం అందినవాళ్లు ఒక జిరాక్స్ ఇచ్చి వెళ్లండి, మిగతావాళ్ల కోసం అడగడానికి పనికొస్తుంది. ఇప్పటిదాకా రెండే వచ్చాయి.

కార్యదర్శి